ఇంటికి బీరువాలు, అల్మరాలు ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బీరువా, అల్మరా, వంటింటి అరలు కొనబోయేవారికీ చేయించబోయేవారికీ వచ్చే సందేహాలు చాలావరకు ఒకే రకంగా ఉంటాయి. వాటిని పని జరిగే వరుసలో ఇక్కడ చేర్చాను. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కాబట్టి ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వారు నేరుగా వెళ్లవచ్చు. వీటన్నింటి వెనుక నాకున్న అభిప్రాయం ఒక్కటే: బీరువా ఎన్నాళ్లు మన్నుతుందనేది వెనుక పలక, అరల పొడవు, కీళ్లు, బందులు, గోడకు బిగించిన తీరు తేలుస్తాయి. తలుపుల రంగును ఎంత శ్రద్ధగా ఎంచుకుంటామో వీటినీ అంత శ్రద్ధగా చూడాలి.

## కొనాలనుకున్నప్పుడు

ముందు బీరువాలు చూడాలా, ఇంట్లో సామాను లెక్క చూసుకోవాలా?

సామాను లెక్కే ముందు. వేలాడదీసేవి, మడతపెట్టేవి, నిలబెట్టేవి, పెట్టెల్లో ఉంచేవి అని నాలుగు కుప్పలు చేసి ఒక్కొక్కదాన్ని కొలవాలి. వేలాడే బట్టలన్నింటినీ ఒకే కడ్డీకి దగ్గర దగ్గరగా తగిలించి ఆ వరుస ఎంత పొడవు వచ్చిందో టేపు పెట్టి చూస్తే, కడ్డీకి ఎంత చోటు వదలాలో ఊహ అవసరం లేకుండా తెలుస్తుంది. మడతపెట్టిన దొంతరల ఎత్తు, అన్నింటికన్నా పొడవైన వస్తువు ఎత్తు కూడా రాసుకోవాలి. వచ్చిన మొత్తానికి ఐదో వంతు అదనంగా కలుపుకోవడం మంచిది. గొంతుదాకా నిండిన అరలో ఒక వస్తువు తీయాలంటే నాలుగు వస్తువులు బయట పెట్టవలసి వస్తుంది. కొన్నాళ్లకు ఆ నాలుగూ బయటే ఉండిపోతాయి.

ఒకే పెద్ద బీరువా మేలా, రెండు మూడు చిన్నవి మేలా?

ఇల్లు మారే అవకాశం ఉన్నవారికి చిన్నవే మేలు. అవి మెట్లమీదుగా, లిఫ్టులోంచి సులువుగా వెళ్తాయి, కొత్త గది ఆకారాన్ని బట్టి వేరే వరుసలో అమరుతాయి, ఒకటి పాడైతే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. రెండు బీరువాలు పక్కపక్కన నిలబెట్టినప్పుడు మధ్యలో రెండు పక్క పలకలు రావడంవల్ల మూడున్నర సెంటీమీటర్లకు పైగా చోటు పోతుంది, చెక్క ఖర్చు కూడా కొంత పెరుగుతుంది. స్థిరంగా ఉండే ఇంట్లో, వెడల్పాటి గోడకు మాత్రం పెద్దదే పొందికగా ఉంటుంది.

గోడలో కలిపి చేయించుకోవాలా, విడిగా నిలబడేది కొనాలా?

గోడకు కలిపి చేయించినది పైకప్పుదాకా చోటును వాడుకుంటుంది, దాని నెత్తిన దుమ్ము చేరదు, తూలి పడే ప్రమాదం ఉండదు. కానీ దాన్ని తీసుకుపోలేము. పైగా వెనుక గోడలో తేమ ఉంటే అది చెక్కను తినేసేదాకా బయటపడదు. అందువల్ల తేమ మరకలున్న గోడకు, స్నానాల గదితో ఆనుకున్న గోడకు ముందు మరమ్మతు చేయించి, అది పూర్తిగా ఆరిన తరువాతే పని మొదలుపెట్టాలి. ఆ మరమ్మతు ఇప్పట్లో కుదరదనుకుంటే విడిగా నిలబడేదే తీసుకోవాలి.

తలుపులు లేని అరలు సరిపోవా?

రోజూ చేతికి వచ్చే వస్తువులకు సరిపోతాయి, చవక కూడా. నెలకొకసారి తీసే బట్టలు, కాగితాలు, ఎండకు రంగు వెలిసే వస్తువులు మాత్రం తలుపుల వెనుకే ఉండాలి.

## కొలతలు తీసుకునేటప్పుడు

లోతు ఎంత ఉండాలి?

లోపల ఏం పెడతామన్నదాన్ని బట్టి ఉంటుంది. హ్యాంగర్ వెడల్పు దాదాపు 45 సెం.మీ. ఉంటుంది, దానిమీద భుజాల బట్ట ఇంకొంచెం బయటికి వస్తుంది. కాబట్టి వేలాడే బట్టలకు లోపలి లోతు 55 నుంచి 60 సెం.మీ. కావాలి. మడత బట్టలకు 40 సెం.మీ., పుస్తకాలకు 25 నుంచి 30 సెం.మీ. చాలు. ఏ4 కాగితం 21 × 29.7 సెం.మీ. ఉంటుంది కనుక ఫైళ్ల అరకు 33 సెం.మీ. వదలాలి. వంటింట్లో కింది అరలకు 55 నుంచి 60, పై అరలకు 30 నుంచి 35 సెం.మీ. వాడుకలో ఉన్న కొలతలు.

లోతు ఎక్కువైతే చోటు ఎక్కువ దొరికినట్లు అనిపిస్తుంది గానీ, 60 సెం.మీ. లోతున్న అరలో పుస్తకాలు పెడితే ముందు వరుస వెనుక వరుసను కప్పేస్తుంది, వెనుకవి మరుగున పడతాయి. కేటలాగులో రాసేది తరచు బయటి కొలతే అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. తలుపు మందం, వెనుక పలక, దాన్ని కూర్చిన గాడి కలిసి 3 నుంచి 4 సెం.మీ. తినేస్తాయి.

వేలాడే బట్టలకు ఎత్తు ఎంత వదలాలి?

చొక్కాల వంటి పొట్టి బట్టలకు కడ్డీ కింద దాదాపు 100 సెం.మీ., పొడవాటి దుస్తులకు 140 నుంచి 160 సెం.మీ. ఉండాలి. హ్యాంగర్ కొక్కెం పైకెత్తి తీయడానికి కడ్డీ పైన కనీసం 5 సెం.మీ. ఖాళీ కావాలి, ఈ ఖాళీని చాలామంది మరిచిపోతారు. పొట్టి బట్టలే ఎక్కువగా ఉన్న ఇంట్లో ఒకదాని కింద ఒకటి రెండు కడ్డీలు పెడితే అదే వెడల్పులో రెట్టింపు బట్టలు పడతాయి. కడ్డీ పొడవు మీటరు దాటితే మధ్యలో ఒక ఆధారం తప్పనిసరి.

గదిని ఎలా కొలవాలి?

గోడలు నిటారుగా, మూలలు సరిగ్గా ఉంటాయని నమ్మకూడదు. వెడల్పును నేల దగ్గర, నడుము ఎత్తులో, పైకప్పు దగ్గర మూడు చోట్ల కొలిచి అన్నింటికన్నా తక్కువ వచ్చినదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. నేల వాలును రసమట్టంతో చూడాలి. గోడ అడుగున స్కర్టింగ్ ఎంత ముందుకు వచ్చిందో, స్విచ్చులు, ప్లగ్గులు, కిటికీ రెక్కలు ఎక్కడున్నాయో బొమ్మ గీసుకుని గుర్తుపెట్టాలి.

ఆ తరువాత బీరువా అడుగు ఆకారాన్ని నేలమీద పాత వార్తాపత్రికలతో పరిచి, తలుపు రెక్క తెరుచుకునే మేర కూడా కలిపి చూడాలి. 45 సెం.మీ. రెక్క పూర్తిగా తెరుచుకుని, దాని ముందు మనిషి వంగి కింది సొరుగు లాగాలంటే బీరువా ముందు దాదాపు 90 సెం.మీ. ఖాళీ ఉంటే హాయిగా ఉంటుంది. ఆ కాగితాలను రెండు రోజులు అలాగే ఉంచి చుట్టూ తిరిగితే, మంచానికి, తలుపుకు, నడకదారికి ఎక్కడ అడ్డం వస్తుందో డబ్బు కట్టకముందే తెలిసిపోతుంది.

పైకప్పుకు కొద్దిగా తక్కువ ఎత్తున్న బీరువా గదిలో లేచి నిలబడుతుందా?

నేలమీద పడుకోబెట్టి బిగించి లేపేదైతే, ఎత్తు ఒక్కటే చూస్తే మోసపోతాము. లేపుతున్నప్పుడు దాని పక్క పలక మూల నుంచి మూలకు ఉన్న కొలత పైకప్పు కింద పట్టాలి. 230 సెం.మీ. ఎత్తు, 60 సెం.మీ. లోతు ఉన్న బీరువాకు ఆ కొలత దాదాపు 238 సెం.మీ. వస్తుంది. గది ఎత్తు 235 సెం.మీ. అయితే నిలబడ్డాక అది పడుతుంది గానీ లేపడం మాత్రం కుదరదు. ఎత్తును ఎత్తుతో, లోతును లోతుతో గుణించి, రెండూ కలిపి వర్గమూలం తీస్తే ఈ కొలత వస్తుంది. అది గది ఎత్తును మించితే నిలబెట్టే బిగించగలిగే రకాన్ని గానీ, పైన విడిగా కూర్చునే చిన్న పెట్టె ఉన్న రకాన్ని గానీ ఎంచుకోవాలి.

జారుడు తలుపులా, రెక్క తలుపులా?

బీరువా ముందు చోటు తక్కువైతే జారుడు తలుపులు, లేకపోతే రెక్క తలుపులు. జారుడు తలుపుతో ఒకసారికి సగం బీరువాయే కనిపిస్తుంది, కింది పట్టాలో దుమ్ము చేరితే కదలిక బరువెక్కుతుంది, రెండు తలుపులూ ఒకదాని వెనుక ఒకటి నడవడానికి లోతులో 8 నుంచి 10 సెం.మీ. పోతుంది. లోపల సొరుగులు పెట్టించేటప్పుడు అవి రెండు తలుపులు కలిసే మధ్యభాగంలో పడకుండా చూసుకోవాలి, పడితే ఏ తలుపు జరిపినా సొరుగు పూర్తిగా బయటికి రాదు.

## దేనితో చేసినదో చూసేటప్పుడు

ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్., పార్టికల్ బోర్డు: వీటిలో ఏది తీసుకోవాలి?

ప్లైవుడ్‌లో పలుచని చెక్క పొరలను ఒకదాని నార నిలువుగా, మరొకదాని నార అడ్డంగా ఉండేలా అతికిస్తారు. అందువల్ల అది స్క్రూను గట్టిగా పట్టుకుంటుంది, తక్కువ బరువుతో ఎక్కువ భారం మోస్తుంది. ఎం.డి.ఎఫ్. అంటే సన్నని చెక్క పీచును జిగురుతో కలిపి ఒత్తిన పలక. దాని ముఖం నున్నగా ఉంటుంది, రంగు అందంగా పడుతుంది, నగిషీ చెక్కడానికి వీలవుతుంది, కానీ బరువు ఎక్కువ. 18 మి.మీ. మందంలో ఒక చదరపు మీటరు పలక దాదాపు 13 కిలోలు తూగుతుంది. పార్టికల్ బోర్డు చెక్క ముక్కలతో ఒత్తినది, మూడింటిలోకీ చవకైనది. స్క్రూను ఒకసారి పట్టుకుంటుంది, తీసి మళ్లీ బిగిస్తే పట్టు సడలుతుంది.

నీటి విషయంలో తేడా బాగా తెలుస్తుంది. మామూలు పార్టికల్ బోర్డు, ఎం.డి.ఎఫ్. తడిస్తే ఉబ్బుతాయి, ఆరినా పూర్వపు మందానికి తిరిగి రావు. ప్లైవుడ్‌లో కూడా యూరియా జిగురుతో అతికించినది ఎక్కువకాలం తడిని ఓర్చుకోదు, ఫినాలిక్ జిగురుతో చేసినది ఓర్చుకుంటుంది. నా సలహా ఇది: సింకు కింద, స్నానాల గదిలో ఫినాలిక్ జిగురు ప్లైవుడ్ వాడాలి. రంగు వేసే తలుపులకు ఎం.డి.ఎఫ్. బాగుంటుంది. తేమ లేని పడకగదిలో, పొట్టి అరలతో, అన్ని అంచులూ మూసినదైతే పార్టికల్ బోర్డు కూడా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. దాన్ని చవక సరుకని తీసిపారేయనవసరం లేదు, తగిన చోట వాడితే చాలు.

బయటికి అన్నీ ఒకేలా ఉన్నాయి. లోపలి సరుకు ఎలా తెలుసుకోవాలి?

పలకమీద అతికించే పలుచని పైపొర, అంటే లామినేట్, అన్నింటినీ ఒకే రూపంలో చూపిస్తుంది కాబట్టి అది లేనిచోట చూడాలి. అరల మేకులు దూర్చడానికి పక్క పలకల్లో వేసిన వరుస రంధ్రాలు అందుకు మంచి చోటు. చిటికెన వేలి గోరు రంధ్రం అంచున తిప్పితే పార్టికల్ బోర్డు ముతక రజనుగా రాలుతుంది, ఎం.డి.ఎఫ్. మెత్తని పిండిలా అంటుకుంటుంది, ప్లైవుడ్‌లో ముదురు లేత పొరలు గీతలుగా కనిపిస్తాయి. వైర్లకోసం వెనుక పలకలో కోసిన కంత, తలుపు లోపల మడతబందు గుంట కూడా ఇదే కథ చెబుతాయి. తరువాత వంగి అడుగు పలక కింది అంచును తడిమి చూడాలి. తుడుపు నీళ్లు ముందుగా తగిలేది అక్కడే అయినా, అంచు పట్టీ వేయకుండా వదిలేసేదీ అక్కడే.

ఒత్తిన పలక కాకుండా అసలు చెక్క అన్నింటికన్నా మేలైనదే కదా?

బలంలో, మరమ్మతులో అవును. అయితే చెక్క తేమను పీల్చి వదులుతూ నారకు అడ్డంగా వ్యాకోచించి సంకోచిస్తుంది. అందుకే మంచి వడ్రంగి వెడల్పాటి తలుపును ఒకే పలకగా చేయకుండా, చట్రం కట్టి మధ్య పలకను గాడిలో వదులుగా కూర్చుతాడు. ఆ పలకను జిగురుతో బిగించేస్తే కొన్ని రుతువులకే చీలుతుంది.

ఇనుప బీరువా తీసుకుంటే ఎలా ఉంటుంది?

చెద పట్టదు, తాళం గట్టిగా ఉంటుంది, కాగితాలకూ పనిముట్లకూ బాగా నప్పుతుంది. రేకు మందాన్ని గేజ్‌లో చెబుతారు, ఆ అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది: 20 గేజ్ దాదాపు 0.9 మి.మీ., 22 గేజ్ దాదాపు 0.76 మి.మీ. తలుపు మధ్యలో అరచేత్తో నొక్కితే డొక్కు డొక్కుమని లోపలికి పోయి వచ్చేది వద్దు. పౌడర్ కోటింగ్ లేచిన చోట తుప్పు మొదలవుతుంది కాబట్టి కాళ్ల కింద రబ్బరు తొడుగులు వేసి తడి నేలనుంచి ఎత్తుగా ఉంచాలి.

కొత్త బీరువా ఘాటైన వాసన వేస్తోంది. ఆరోగ్యానికి ప్రమాదమా?

ఆ వాసనలో కొంత రంగులది, కొంత పలకల జిగురు నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్‌ది. ఈ వాయువు కళ్లను, గొంతును మండిస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. అందుకే పలకలనుంచి ఇది ఎంత వెలువడవచ్చో పరిమితులున్నాయి. యూరప్‌లో ఇ1 అనే తరగతి ఉంది, అమెరికా నిబంధనల్లో గట్టి జాతి చెక్క ప్లైవుడ్‌కు పది లక్షల భాగాల్లో 0.05, పార్టికల్ బోర్డుకు 0.09, ఎం.డి.ఎఫ్.కు 0.11 భాగాల పరిమితి ఉంది. కొనేటప్పుడు ఈ తరగతి ముద్ర అడిగి చూడాలి. వేడి, తేమ పెరిగితే వాయువు ఎక్కువగా వెలువడుతుంది, మూయకుండా వదిలిన కోత అంచుల నుంచి ఇంకా ఎక్కువ. బట్టలు సర్దేముందు తలుపులు, సొరుగులు, కిటికీలు తెరిచి కొన్ని వారాలు గాలి ఆడనివ్వడం, చిన్నపిల్లలను అంతవరకు ఆ గదిలో పడుకోబెట్టకపోవడం మంచిది.

వెనుక పలక ఎలాగూ కనిపించదు. పలచగా ఉంటే ఏమవుతుంది?

బీరువా పక్కకు ఒరగకుండా పట్టి ఉంచేది ఆ పలకే. రెండు వైపులా మూతలు తెరిచిన అట్టపెట్టె పక్కనుంచి తోస్తే ఎలా వాలిపోతుందో, వెనుక పలక బలహీనమైన బీరువా కూడా అలాగే మెల్లగా ఒరుగుతుంది. అప్పుడు తలుపులు ఒకదానికొకటి రాసుకుంటాయి, తాళం పడదు, అందరూ బందులను తప్పుపడతారు. 3 మి.మీ. పలకను చిన్న మేకులతో కొట్టి వదిలేసినదానికన్నా, 6 మి.మీ. లేదా అంతకు మించిన పలకను గాడిలో కూర్చి స్క్రూలతో బిగించినది ఎన్నో రెట్లు నయం. దుకాణంలో పై మూల పట్టుకుని పక్కకు మెల్లగా ఊపితే చాలు. ఊగేది అక్కడే ఊగుతుంది.

## అరలు, సొరుగులు, బందులు

పుస్తకాల బరువుకు అర కిందికి వంగుతోంది. మందం పెంచాలా, పొడవు తగ్గించాలా?

వీలైతే పొడవు తగ్గించాలి. ఒక మీటరు వరుస పుస్తకాలు సుమారు 25 నుంచి 35 కిలోలు తూగుతాయి. బరువు అర పొడవునా సమానంగా పరుచుకున్నప్పుడు వంపు పొడవుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే 60 సెం.మీ. అరను 90 సెం.మీ. చేస్తే వంపు ఒకటిన్నర రెట్లకు ఆగదు, ఐదు రెట్లవుతుంది. మందం పెంచితే బిగువు మూడో ఘాతంలో పెరుగుతుంది. 18 మి.మీ. నుంచి 25 మి.మీ.కి వెళ్తే దాదాపు 2.7 రెట్లు. పుస్తకాలకు 18 మి.మీ. పార్టికల్ బోర్డు అర 60 సెం.మీ., ప్లైవుడ్ అర 75 సెం.మీ. దాటకుండా చూసుకోవడం మంచిది. ఇప్పటికే వంగిన అరకు ముందు అంచు కింద 4 సెం.మీ. ఎత్తున్న చెక్క పట్టీ బిగిస్తే బాగా నిలదొక్కుకుంటుంది. తిరగేసి పెట్టడం కొన్నాళ్లకే పనికొచ్చే ఉపాయం.

సొరుగులు జారే పట్టాలు, అంటే ఛానెల్స్, ఎలాంటివి తీసుకోవాలి?

తక్కువ ధర రోలర్ ఛానెల్ సొరుగును ముప్పాతిక మాత్రమే బయటికి తెస్తుంది. బాల్ బేరింగ్ టెలిస్కోపిక్ ఛానెల్ పూర్తిగా తెస్తుంది, సాధారణంగా 30 నుంచి 45 కిలోలు మోస్తుంది. దీనికి సొరుగు రెండు పక్కలా 12.7 మి.మీ. చొప్పున ఖాళీ కావాలి కనుక సొరుగు అంతమేరకు సన్నబడుతుంది. పరీక్ష సులువే: సొరుగును చివరిదాకా లాగి, ముందు పలకను రెండు వేళ్లతో కిందికి నొక్కి, కుడి ఎడమలకు కదిపి చూడాలి. అడుగు పలక కూడా చూడాలి. గాడిలో కూర్చున్న అడుగు నిలుస్తుంది, కిందినుంచి మేకులతో కొట్టినది బరువుకు ఊడివస్తుంది.

తలుపుకు ఎన్ని మడతబందులు ఉండాలి?

35 మి.మీ. గుంటలో కూర్చునే మామూలు బందులైతే 90 సెం.మీ. ఎత్తు తలుపుకు రెండు, 160 వరకు మూడు, 200 వరకు నాలుగు, ఆపైన ఐదు. అద్దం అతికించిన తలుపుకు ఒకటి అదనంగా వేయించాలి. నెమ్మదిగా మూసుకునే బందులు కొంత ఖరీదైనా, తలుపు దబ్బున కొట్టుకోకుండా ఆపి కీళ్లను కాపాడతాయి.

## బిగించి నిలబెట్టేటప్పుడు

బీరువా చాలా బరువుంది. అయినా గోడకు బిగించాలా?

బిగించాలి. ఈ ఒక్క విషయంలో మినహాయింపు ఇవ్వడం నాకు ఇష్టం లేదు. బరువుగా ఉన్నంత మాత్రాన బీరువా స్థిరంగా ఉండదు. రెండు మూడు సొరుగులు ఒకేసారి తెరిస్తే భారమంతా ముందుకు వస్తుంది, ఆ సొరుగులనే మెట్లు చేసుకుని పిల్లవాడు ఎక్కితే అది ముందుకు తూలి అతని మీద పడుతుంది. అమెరికాలో ఈ ప్రమాదాల కారణంగానే 2022లో ప్రత్యేక చట్టం చేశారు. దాని కింద 2023 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రమాణం 27 అంగుళాలు, అంటే దాదాపు 69 సెం.మీ. ఎత్తునుంచే బట్టల సొరుగు పెట్టెలకు వర్తిస్తుంది. నడుము ఎత్తుకు కూడా రాని పెట్టె సైతం ప్రమాదకరమేనని దీన్నిబట్టి గ్రహించాలి.

పై భాగంలో రెండు చోట్ల ఇనుప మూలపట్టీ గానీ, బెల్టు గానీ వేయాలి. ఇటుక, కాంక్రీటు గోడకు తగిన ప్లగ్గు కొట్టి స్క్రూ బిగించాలి. జిప్సం బోర్డు గోడైతే దాని వెనుకనున్న చట్రానికే స్క్రూ పట్టాలి. బీరువా వైపున స్క్రూ పలచని వెనుక పలకకు కాక గట్టి పై పలకకు పట్టేలా చూడాలి. బరువైన వస్తువులు కింది అరల్లో ఉంచాలి, పిల్లలను ఆకర్షించేవి పైన ఉంచకూడదు.

గోడకు పూర్తిగా ఆనించవచ్చా?

బయటి గోడకు ఆనించకూడదు. చల్లబడిన గోడకు, వెనుక పలకకు మధ్య గాలి కదలక తేమ చేరుతుంది, బూజు పడుతుంది. 3 నుంచి 5 సెం.మీ. ఖాళీ వదిలి, ఆ ఖాళీని దాటి అందే పట్టీతో గోడకు బిగించాలి. గదిలో గాలి తేమ 60 శాతానికి లోపు ఉంటే బూజు బెడద చాలావరకు తగ్గుతుంది. చిన్న హైగ్రోమీటరుతో ఆ సంగతి తెలుసుకోవచ్చు.

తలుపులు ఒకదానికొకటి ఎగుడుదిగుడుగా ఉన్నాయి. బందులు సరిచేయాలా?

ముందు రసమట్టం పెట్టి బీరువా కాళ్లు సరిచేయాలి. చాలాసార్లు అంతటితోనే తలుపులు సర్దుకుంటాయి. తరువాత కూడా తేడా మిగిలితే బందు మీది స్క్రూలను పావు తిప్పు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ తలుపు మూసి చూస్తూ సరిచేయాలి.

మందులు, శుభ్రపరిచే రసాయనాలు ఒకే అల్మరాలో పెట్టవచ్చా?

పెట్టకూడదు. మందులకు పిల్లలకు అందని ఎత్తులో, తాళం ఉన్న, ఆవిరి తగలని అర కావాలి. స్నానాల గది వాటికి తగిన చోటు కాదు. రసాయనాల్లో కూడా బ్లీచును ఆమ్లాలున్న క్లీనర్లకు, అమ్మోనియా ఉన్నవాటికి దూరంగా వేరే అరలో ఉంచాలి. అవి కారి కలిస్తే విషవాయువులు పుడతాయి.

## వాడకంలో, ఇల్లు మారేటప్పుడు

వాడిన బీరువా కొంటే ఏమేం చూడాలి?

సొరుగులన్నీ బయటికి తీసి, టార్చి వేసి లోపలి మూలలు చూడాలి. గుండుసూది తలంత రంధ్రాలు, వాటి కింద మెత్తని పొడి ఉంటే చెక్కను పురుగు తొలుస్తోందని అర్థం. మట్టి గీతలు చెదకు గుర్తు. కీళ్ల సందుల్లో నల్లని చుక్కలు కనిపిస్తే నల్లులు ఉండవచ్చు, అలాంటిది ఎంత చవకైనా ఇంటికి తేకూడదు. చాలా పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి దాన్ని పొడిగా గరుకు కాగితంతో రుద్దకూడదు.

విప్పి వేరే ఇంట్లో మళ్లీ బిగించుకోవచ్చా?

ప్లైవుడ్, ఇనుప బీరువాలను నిశ్చింతగా విప్పవచ్చు. పార్టికల్ బోర్డుకు క్యామ్ లాకులతో (తిప్పితే పలకలను బిగించే గుండ్రని బిగింపులతో) బిగించినది ఒకటి రెండు సార్లు తట్టుకుంటుంది, ఆపైన రంధ్రాలు వదులవుతాయి. అలా వదులైన రంధ్రంలో చెక్క జిగురు పూసిన చిన్న పుల్లను దిగగొట్టి, ఒక రోజు ఆరనిచ్చి, అంచుకు సమంగా కోసి, సన్నని రంధ్రం వేసి స్క్రూ బిగిస్తే పట్టు తిరిగి వస్తుంది. విప్పేటప్పుడు ముందుగా వెనుక పలక తీయకూడదు. తలుపులు, సొరుగులు, అరలు తీశాక, పక్కన ఒకరు పట్టుకుని ఉండగా దాన్ని చివర్లో తీయాలి. పలకల లోపలి వైపు పెన్సిలుతో అంకెలు వేసి, ఏ స్క్రూలు ఎక్కడివో చిన్న సంచుల్లో వేరువేరుగా కట్టి, ఆ సంచులను ఆయా పలకలకే అతికించి పంపాలి.